పాకం చూసిన చేతులు

ఆ మంగళవారం చేయాల్సిన పనులు ముందురోజే ఒక కాగితం మీద రాసుకున్నాను. గానుగశాల ముందు ఊడ్చి నీళ్ళు చల్లడం. ఇరవైమందికి ఇడ్లీ, పదకొండింటికి మళ్ళీ టీ. మధ్యాహ్నానికి అన్నం, దోసకాయ పప్పు, వంకాయ కూర. బెల్లం వండే పెద్ద పెనం తోమడం. ఎండిన చెరకు పిప్పి పొయ్యి దగ్గరికి చేర్చడం. హాసిని బట్టలు మార్చుకోవడానికి మా గది ఖాళీ చేయడం. మావయ్యగారి తెల్ల చొక్కా ఇస్త్రీ. ఆఫీసుకి సెలవు చీటీ. పాట వీడియో తీసేవాళ్ళిచ్చే ఫారం నింపడం. ఇందులో మా ఆయన అయ్యప్ప వాటాకి వచ్చింది ఒక్కటే, వాళ్ళ వ్యాన్లకి రోడ్డు మీద నిలబడి దారి చూపించడం.

హాసిని పాటలు మీరు వినే ఉంటారు. 'లేత పాకం' పాటకి వీడియో తీయడానికి నిజంగా బెల్లం వండే చోటు కావాలని, అనకాపల్లి మార్కెట్లో ఎవరినో అడిగి, బుచ్చయ్యపేట దగ్గరున్న మా గానుగశాలకి వచ్చారు. "ఆళ్ళు ఇంగ్లీషులో మాటాడతారు, నువ్వుండాల" అన్నారు మా ఆయన. నేను ఉండాలన్నది ఇంగ్లీషు కోసమో ఇడ్లీల కోసమో నేను అడగలేదు. మా పుట్టింట్లో డిగ్రీ దాకా చదివింది నేనే. చదువుకున్నదానికి పొగరని ఎవరూ అనకూడదని, ఏ పని చెప్పినా కాదనకపోవడం అప్పటికే అలవాటైపోయింది.

ఫారాలు నింపడం నాకు కొత్త కాదు. అనకాపల్లిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో ఆరేళ్ళుగా నా ఉద్యోగమే అది. వాళ్ళ ఫారంలో ఒక గడి ఉంది: పాట చివర వేయడానికి, బెల్లం పాకం పట్టేవారి పేరు. నేను పెన్ను ఎత్తి ఆగాను. "ఆలోచనేటి? ఇంటికి పెద్ద నాన్న కదా" అన్నారు మా ఆయన. తాతబ్బాయి అని రాశాను. మార్కెట్లో మా దిమ్మలు తాతబ్బాయి బెల్లం అనే అమ్ముడవుతాయి. కాని నేను కాపురానికొచ్చిన ఈ ఆరు సీజన్లలోనూ పెనం పక్కన నిలబడి పాకం చూస్తున్నది మా అత్త అని నాకు తెలుసు. పొద్దున్నుంచీ పొయ్యిలో పిప్పి ఎగదోసేదీ ఆవిడే, రసం ఉడుకు మారిన వాసన పట్టి లేచి వచ్చేదీ ఆవిడే. తెలిసే రాశాను. చక్కటి దస్తూరీతో రాశాను.

పదింటికి డైరెక్టరు మావయ్యగారి చేతికి గరిటె ఇచ్చి, పాకం ఎలా చూస్తారో హాసినికి చూపించమన్నాడు. ఇస్త్రీ చొక్కాలో ఆయన పెనం మీదికి వంగారు. గరిటెతో కలిపారు. ఇంకోసారి కలిపారు. ఇరవైమందీ చూస్తున్నారు. ఆయన మెడ వెనక చెమట నాకు కనిపించింది. చివరికి తల తిప్పకుండానే, "ఓలే, ఓపాలి ఇలగ రా" అని పిలిచారు.

అత్త పొయ్యి ముందునుంచి లేచి, బూడిద చేతులు కడుక్కుని వచ్చింది. గరిటెతో కాస్త పాకం తీసి చన్నీళ్ళ గిన్నెలో వదిలింది. వెంటనే రెండు వేళ్ళతో అందుకుని ఉండ చేసింది. "ఇంకా సాగతంది. రెండు పొంగులు ఆగాల" అంది. హాసిని తనూ ప్రయత్నించింది పాపం. వేళ్ళకి వేడి తగలగానే కెవ్వుమని చెయ్యి లాక్కుంది. దాంతో దగ్గరనుంచి తీసే షాటుకి అత్త చేతులే వాడదామనుకున్నారు. హాసిని గాజులు ఆవిడకి తొడిగారు. మేకప్ చేసే అమ్మాయి కింద కూర్చుని, అత్త చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, వేలు వేలుకీ ఎర్ర రంగు వేసింది.

"నా సెయ్యి ఇంతసేపు ఎవులూ పట్టుకోనేదే అమ్మీ" అంది అత్త, నాతోనే, నవ్వుతూ.

ఫారం ఇంకా కుర్చీ మీదే ఉంది. కొట్టేసి రాయడానికి ఒక నిమిషం చాలు. నేను టీలు పోయడానికి వెళ్ళాను.

నెల తిరగకుండా పాట వచ్చింది. అందరం మా ఆయన ఫోన్ చుట్టూ కూర్చున్నాం. పాట సగంలో ఆ చేతులు వచ్చాయి. ఎర్ర గోళ్ళు, బంగారు రంగు పాకం, నీళ్ళల్లో తిరిగే ఉండ. కింద ఎవరో రాశారు, మా హాసిని అక్క బెల్లం చేయడం కూడా నేర్చుకుంది చూడండి అని. అత్త కడుపు పట్టుకుని నవ్వింది. "నాకు పాతికేళ్ళు తగ్గించేసేరు." గోళ్ళు ఎదిగి మొదట్లో రంగు పోయింది, చివర్లో మాత్రం ఎర్రటి గీత మిగిలింది. దాన్ని ఆవిడ గోకేయలేదు.

"ఆఖర్ని పేర్లు పడతన్నాయి. సదువు" అంది.

చదివాను. బెల్లం పాకం, తాతబ్బాయి.

"మీ మావ పేరా? మంచిదే" అని, గిన్నెలు తోమడానికి లేచింది.

ఆ మంచిదే అన్న మాట బస్సులో నాతో కాలేజీకి వచ్చింది. అడ్మిషన్ల రోజులు. తల్లి వృత్తి అన్న గడిలో గృహిణి, గృహిణి అని రాసుకుంటూ పోతున్నాను. బల్లకి అటుపక్క నిలబడ్డ పిల్లల్ని అడగను కూడా అడగట్లేదు. నా డిగ్రీ ఫారంలోనూ నేను అదే రాశాను. మా అమ్మ అప్పుడు సబ్బవరం దగ్గర ఎవరి చేలోనో చెరకు నరుకుతోంది.

ఆ మధ్యాహ్నమే పాటవాళ్ళకి మెయిల్ పెట్టాను, తప్పు నాదని. మూడోరోజు జవాబు వచ్చింది. వీడియోలో పేరు మార్చలేం, కింద రాసే వివరాల్లో మార్చగలం, అయితే ఫారంలో పేరున్న మనిషి సంతకం కావాలి.

మర్నాడు పొద్దున్న మావయ్యగారు చద్దన్నం తింటుంటే కాగితం పక్కన పెట్టి, చెప్పాల్సింది చెప్పాను. 

"ఊళ్ళో నవ్వుతారు" అన్నారు మా ఆయన. "సేతులే కదా కనబడ్డాయి, మొకం కాదు కదా. ఎవులికి తెలుత్తాది?"

మావయ్యగారు ముద్ద మింగి, చెయ్యి కడుక్కున్నారు. "ఇరవైమంది ముందు గరిటె ఒగ్గేసేన్రా నాను. ఇంకా ఎవులికాడ దాత్తావు?" అని, నావైపు చెయ్యి చాపారు. "పెన్నియ్యమ్మా."

అత్త వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో తెలియదు. "వొట్టి పేరేనా? ఏం పని సేసేనో రాయరేటి?" అంది.

మంచిదే అని గిన్నెల దగ్గరికి వెళ్ళిన మనిషి, ఈ మాట అడగడానికి వచ్చింది.

మావయ్యగారే రాశారు. పేరు పక్కన, పాకం చూసినవారు అని. కాగితం పంపాక పాటవాళ్ళూ కింద వివరాల్లో అదే పెట్టారు. ఆ సాయంత్రం అత్త నాచేత మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి మావయ్యగారు కూడా వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు నేను ఆఫీసులో ప్రతి పిల్లనీ పిల్లాడినీ అడుగుతున్నాను, మీ అమ్మ పొద్దున్నుంచి ఏం చేస్తుంది అని. లైను ఆలస్యమవుతోందని మా సూపరింటెండెంటు విసుక్కుంటున్నారు. విసుక్కోనీ. నిన్న ఒకమ్మాయి, జీడిపిక్కలు కొడతాదండి అంది. అదే రాశాను.

ఒక చిక్కు మాత్రం ఉంది. పాట కింద 'మరిన్ని' అన్నచోట నొక్కితేగాని ఆ వివరాలు కనబడవు. కోట్లమంది చూశారు, ఎంతమంది నొక్కి ఉంటారు? అందుకే ఇది రాస్తున్నాను. ఎక్కడైనా ఆ పాట వస్తే, పాకంలో ఎర్ర గోళ్ళు కనబడ్డ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆవిడ పేరు పైడితల్లి. గుర్తుంచుకోండి.