సంగాత తల్లి

"ఆ కొండల్లో పాముంటాది, జొరముంటాది, ఇంకేటేటుంటాయో ఎవలికి తెలుసు! పిల్లని పంపొద్దండీ, నా మాటినండి," అంది పుష్పకుమారి, కూతురి సంచిలో దోమతెర కుక్కుతూ.

ఎలీయాజరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వేడు. "అది ఇంకా బస్సే ఎక్కలేదు పుష్పా. నువ్వు అప్పుడే సమాధి తవ్వించెస్తన్నావు."

"మీ నోటికో దండం. అలాటి మాటలనకండి."

"నేనన్నానా? పొద్దున్నించీ అంటన్నది నువ్వు!"

ఫ్లోరా ఇద్దర్నీ పట్టించుకోలేదు. నర్సింగు పరీక్షలు అయిపోయాయి. ఒడిశాలో తాముండే సునాబెడలోని చర్చి కుర్రకారుతో కలిసి, మునిగుడ దాటేక కొండల మీద ఉండే ఊళ్ళకి వెళ్తోంది. పిల్లలకి బైబిలు కథలు చెప్పడం, పాటలు నేర్పడం, పుళ్ళకి కట్లు కట్టడం, పది రోజులయ్యాక తిరిగి రావడం. మాస్టారు ప్రసన్న కుమార్ జట్టుకి పెద్ద. పుష్పకుమారి నీలం పూల దుప్పటి మడతపెట్టి సంచి మీద పెట్టింది. "నేల మీద పడుకోకమ్మీ," అని బస్సు కదిలేదాకా చెబుతూనే ఉంది.

ఫ్లోరా వాళ్ళు దిగిన ఊళ్ళో సిగ్నలు లేదు. కొండ అంచున ఒక బండ ఎక్కితే ఫోను పలికేది. ఒక సాయంత్రం అక్కణ్ణించి ఫ్లోరా గొంతు సంబరంగా వినిపించింది.

"అమ్మా, ఇక్కడ సస్మిత అని నా ఈడు పిల్లుంది. దాంతో సంగాత కట్టేను. ఊరందరి ముందూ ఒకే బెల్లంముక్క సెరోపక్కా కొరికేం."

"ఎవలెంగిలో తింటే కామెర్లొస్తాయే అమ్మీ!"

"అదేటే, సంగాతంటే..." అని ఏదో చెప్పబోతుండగానే ఫోను తెగిపోయింది. చిన్నపిల్లల స్నేహాలు అనుకుని పుష్పకుమారి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడో రోజు, పొద్దున్నే, ఆమె బియ్యం కడుగుతూ ఉంటే ఫోను మోగింది. ఎవరో మగమనిషి. ఒడియాలో మాట్లాడేడు.

"మా, తుమ ఝిఅ మరిగలా."

అమ్మా, మీ పిల్ల చచ్చిపోయింది. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ సంతలో బేరాలాడి నేర్చుకున్న ఒడియా. నేర్చుకోకపోయి ఉంటే బాగుండేది. "రాత్రి పాము కరిచింది," అన్నాడు ఆ మనిషి. పేరు లక్ష్మణుడన్నాడు. ఫ్లోరా ఉన్న ఊరి పేరు చెప్పేడు. ఆ తర్వాత గరగరమని చప్పుడు, అంతే. తిరిగి చేస్తే పలకలేదు. ఫ్లోరా ఫోను పలకలేదు. ప్రసన్న కుమార్ ఫోనూ పలకలేదు.

పుష్పకుమారి మళ్ళీ బియ్యం కడగడం మొదలుపెట్టింది. నీళ్ళు పారబోసింది, కొత్త నీళ్ళు పట్టింది, మళ్ళీ కడిగింది.

"ఏటలా కడుగుతున్నావు, పిండైపోద్ది," అన్నాడు ఎలీయాజరు వెనకనించి.

"ఫ్లోరా సచ్చిపోనాది," అంది ఆమె. గ్యాసు అయిపోయింది అని చెప్పినట్టే చెప్పింది.

పక్క క్వార్టర్సు వాళ్ళు జీపు మాట్లాడేరు. రాయగడ దాటింది, మునిగుడ దాటింది, పుష్పకుమారికి ఏడుపు రాలేదు. ఫ్లోరా పుట్టినప్పటినుంచీ ఆమె ఇలాంటి ఫోను కోసం భయపడుతూనే ఉంది. కానీ ఆ భయం ఎప్పుడూ ఫోను మోగేదాకానే వెళ్ళి ఆగిపోయేది. మోగేక మనిషి ఏం చెయ్యాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమె ఎన్నడూ అనుకోలేదు.

జీపు ఎక్కలేని చోట దిగి నడిచేరు. ఊళ్ళో పాటల్లేవు, పిల్లల అల్లరి లేదు. ఒక ఇంటి ముందు జనం. నడుమ మంచం. మంచం మీద, నిండా కప్పి, నీలం పూల దుప్పటి.

అప్పుడు పుష్పకుమారి పరిగెత్తింది. దుప్పటి తొలగించే ధైర్యం లేక, దాని మీదనుంచే ఆ ఒంటిని కావలించుకుని, గుండెల మీద తల పెట్టింది. చల్లగా ఉంది.

"అమ్మా!"

గొంతు వెనకనించి వచ్చింది. తల తిప్పింది. ఫ్లోరా. నీళ్ళకుండ పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు రేగిపోయి, కళ్ళు వాచిపోయి, బతికి ఉంది.

"స్తోత్రం!" అని కేక పెట్టింది పుష్పకుమారి. "స్తోత్రం, ప్రభువా, స్తోత్రం! నా పిల్ల కాదు! నా పిల్ల కాదు!" కుండ పగిలింది. కూతురి మొహమంతా తడిమింది, ముద్దులు పెట్టింది, పైకే నవ్వింది.

ఆ నవ్వు ఆమెకే వినబడేసరికి చుట్టూ చూసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఊరి వాళ్ళకి తెలుగు రాదు. కానీ సంతోషం కలిగితే చెప్పాలని, జట్టు పిల్లలు రోజూ పాడించి మరీ వాళ్ళకి నేర్పిన ఒకే ఒక్క తెలుగు మాట 'స్తోత్రం'. ఊళ్ళో పసిపిల్లలకి కూడా దాని అర్థం తెలుసు.

మంచం తలాపున నేల మీద కూర్చున్న ఒక ఆడమనిషి మాత్రం తలెత్తలేదు.

"సస్మిత వాళ్ళమ్మ," అంది ఫ్లోరా. "జట్టు నిన్న పైఊరికి ఎల్లింది. నేను దీని దగ్గరుండిపోయేను. ఇద్దరం ఒకే సాప మీద పడుకున్నాం. పాము నన్ను దాటుకునే ఎల్లుంటాది. లెగిసి సూసేసరికి... నా దుప్పటే కప్పేం."

ఎలీయాజరు ఫోను చేసిన మనిషిని పట్టుకుని ఒడియాలో నిలదీసేడు. "మా పిల్లని ఎందుకన్నావయ్యా? మేం చచ్చి బతికేం!"

లక్ష్మణుడు ఆ చచ్చిన పిల్లకి చిన్నాన్న. అతనికి కోపం కూడా రాలేదు. తెల్లబోయేడు. "మీ పిల్లే కదా? సంగాత కట్టుకుంటే ఇద్దరూ ఇద్దరు తల్లులకీ పిల్లలే. మీకు చెప్పకపోతే తప్పని, పిల్ల ఫోనులో నంబరు చూసుకుని నేనే బండ ఎక్కి ఫోను చేసేను."

పుష్పకుమారి ఫ్లోరా వైపు తిరిగింది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పద ఇంటికి. ఇక్కడొక్క గడియ కూడా వద్దు."

"రాను."

"అమ్మీ!"

"తెల్లారినకాడ్నించి ఆమె ఒక్క మాట మాట్లాళ్ళేదమ్మా. పామొచ్చి దీన్నే ఎందుకు కరిసిందా, నన్నెందుకు వదిలిందా అనుకుంటందేమో. ఇప్పుడు నువ్వొచ్చి నవ్వేవు. ఆమె నన్ను పొమ్మంటే పోతాను. ఉండమంటే ఉంటాను. మాటాడకపోతే మటుకు రాను."

బలవంతంగా లాక్కెళ్ళొచ్చు. ఎలీయాజరు ఉన్నాడు, జీపుంది. పుష్పకుమారి కూతురి చెయ్యి వదిలేసింది.

వెళ్ళి ఆ తల్లి పక్కన మట్టిలో కూర్చుంది. ప్రార్థన చేద్దామంటే ఏ మాట ఎత్తినా ముందు ఆ స్తోత్రమే నోటికొచ్చేలా ఉంది. సంతలో ఉల్లిపాయలు కొనే ఒడియాలోనే అడిగింది.

"అక్కా, నీ పిల్ల మంచం పక్కనే నిలబడి నేను నవ్వేను. ఏం చెయ్యను?"

ఎవరో మంచం కోళ్ళ దగ్గర ధూపం వేసేరు. దుప్పటి అంచు గాలికి లేస్తే, ఆ తల్లీ పుష్పకుమారీ ఒకేసారి చెయ్యి చాపేరు, ఇద్దరూ కలిసి సర్దేరు. పొద్దు కొండ వెనక్కి ఒరిగింది. మోకాళ్ళు పట్టేసినా పుష్పకుమారి లేవలేదు. కొంచెం దూరంలో ఫ్లోరా కుండ పెంకులు ఏరుతూ, వీళ్ళ వైపే చూస్తోంది.

చీకటి పడే వేళకి ఆ తల్లి తలెత్తింది. పుష్పకుమారి మొహంలోకి కాదు, పెంకులు ఏరుతున్న పిల్ల వైపు చూస్తూ అంది.

"నా పిల్ల లేచొచ్చి ఉంటే, నేనూ అలాగే అరిచేదాన్ని."