వెంకటేశ్వరమ్మ వదిలిన జాగా

అంకమ్మకు ఒంటరిగా పాడటం చేతకాదు. గొంతు లేక కాదు. మిరపకోతల్లో ఆమె పాట ఎత్తితే, అవతలి చేలో మందు కొట్టేవాడు కూడా పంపు ఆపుకుని వినేవాడు. కోతపాటంటే ఇద్దరిది. ఎత్తేవాళ్లు ఒకరు, అందుకునేవాళ్లు ఒకరు. పక్కపక్క సాళ్లలో వంగి కాయ కోసుకుంటూ పోతుంటే ఒకరి మాట ఇంకొకరికి ఊపు. అందుకునే మనిషి బతికుండగా ఆమె వంతు ఇంకొకరు పాడకూడదు. పాడితే ఆ మనిషిని పోయినవాళ్లలో కలిపేసినట్టే. అత్తగారు పాటతోపాటే ఆ మాట కూడా నేర్పింది.

ఆ అందుకునే మనిషి వెంకటేశ్వరమ్మ. వరసకు మరదలు. ఇద్దరిదీ ఒకే కూలి ముఠా. కిందటేడు కోతల నడిమధ్యలో, చేనింకా సగం ఎర్రగా ఉండగానే, ఆమె కొందరు ఆడవాళ్లను తీసుకుని పక్కూరి ముఠా ఆటో ఎక్కేసింది. అప్పటినుంచి అంకమ్మ ఆమెతో మాట్లాడలేదు, పాటా ఎత్తలేదు. కోతకు మాత్రం పోతూనే ఉంది. సాయంత్రానికి చేతులు ఇంతగా మండుతాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

అలాంటప్పుడు వచ్చింది భవ్య. గుంటూరులో పెద్ద చదువు. కోతపాటలకూ కూలి చేసే ఆడవాళ్ల మనసు కుదురుకూ ఉన్న సంబంధం మీద పరిశోధన అని చెప్పింది. నెమ్మదైన పిల్ల. మజ్జిగ తాగి గ్లాసు తనే కడిగిపెట్టింది.

"పాడేటప్పుడు మీకెంత హాయిగా ఉంటుంది మామ్మగారూ? ఒకటి నుంచి ఐదు లోపు చెప్పండి."

"ఇప్పుడు పాడట్లేదుగా. సున్నా ఏసుకో."

"సున్నా లేదండి ఇందులో."

"అయితే నేనూ లేనట్టే."

భవ్య నవ్వి, ఫ్యాను ఆపి, తలుపు వేసి, రికార్డరు ముందు పెట్టింది. చప్పుడు పడకూడదని వాళ్ల గైడు మరీమరీ చెప్పాడట. "రెండు వంతులూ మీకొచ్చు కదండీ. మీరే పాడెయ్యండి."

"ఒద్దమ్మా. ఆవిడ బతికే ఉంది."

"పోనీ పిలుద్దామా?"

"నేను పిలవను."

"ఈ పాట మీ ఇద్దరికే వచ్చంటున్నారు ఊళ్లో. ఇద్దరూ ఇలా ఉంటే అదేమైపోతుందండి?"

ఆ సంగతి రోజూ అంకమ్మ తలగడ మీదే ఉంటోంది.

వారం తిరక్కుండా భవ్య మళ్లీ వచ్చింది. పక్కూరు వెళ్లి వెంకటేశ్వరమ్మ వంతు విడిగా పాడించుకుందట. అంకమ్మ వంతు కూడా విడిగా పాడితే రెండూ కంప్యూటర్లో కలిపేస్తానంది. "కాకపోతే ఆవిడ ప్రతి ముక్కకీ ఆగిపోయారండి. ఆ ఖాళీలన్నీ కోసెయ్యాలి."

"ఏదీ, పెట్టు."

భవ్య ఫోనులో పెట్టింది. గొంతు సన్నబడింది వెంకటేశ్వరమ్మది. "ఎండ పూసిన ఎరుపే ఒదినా ఇదీ" అని ఊరుకుంది. గాజుల చప్పుడు, ఊపిరి, అంతే. అంకమ్మ పెదాలు వాటంతటవే కదిలాయి. లోలోపల తన ముక్క పూర్తవుతుండగానే, సరిగ్గా అక్కడే, ఫోనులోని గొంతు అందుకుంది. ఇంకో ముక్కకీ అంతే. చివరి చరణంలో అంకమ్మ ఆఖరి మాటను బాగా సాగదీసేది. 'ఎంతసేపు లాగుతావు తల్లీ, నడుం పడిపోతోంది' అని వెంకటేశ్వరమ్మ ఎప్పుడూ సణిగేది. ఫోనులో ఆ సాగతీతకు కూడా జాగా ఉంది.

"కొయ్యమాక," అంది అంకమ్మ. "అది నాది."

మర్నాడు పొద్దున్నే ఆమె తన ముఠాతో పోకుండా పక్కూరి చేలోకి దిగింది. వెనకే భవ్య. ముక్కుకు తువ్వాలు కట్టుకుని కాయ కోస్తున్న వెంకటేశ్వరమ్మ తల ఎత్తలేదు.

"దారి తప్పావా ఒదినా?"

"నడిచేలో ఒదిలేసిపోయినోళ్లా నాకు దారి చెప్పేది?"

"నీకు పాట ఊపొస్తే సాలు చివరికి ఉరుకుతావు. ఎనక నాకు ఊపిరాడట్లేదని ఒక్కసారన్నా తిరిగి చూశావా?"

అంకమ్మ అప్పుడు చూసింది. పైట కింద డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. మిరప ఘాటు ఆమె గుండెల్లో ఎన్నేళ్లుగా చేరిందో.

"చెప్పొచ్చుగా."

"పాట మధ్యలో ఏం చెప్పను?"

అంకమ్మ పక్క సాలులో వంగింది. నాలుగు కాయలు కోసి, ఎప్పుడూ ఎత్తేదానికన్నా గొంతు దించి, మెల్లగా ఎత్తింది. "ఎవరు పూసిన ఎరుపే పిల్లా ఇదీ..."

రెండో చరణంలో వెంకటేశ్వరమ్మకు దగ్గు తెర వచ్చింది. గట్టు మీద భవ్య తుమ్ములు ఆపుకోలేక రికార్డరును దూరంగా పట్టుకుంది. అంకమ్మ మరదలి వంతు పాడలేదు, ముందుకూ జరగలేదు. కాయ మీద చెయ్యి పెట్టి అలాగే ఆగింది.

దగ్గు తగ్గాక వెంకటేశ్వరమ్మ అందుకుంది.