పదిహేడో పటంలో తెల్లచోటు

ఏడు అంకెకి నడుమ అడ్డగీత పెట్టే అలవాటు సర్వే ఆఫీసు మొత్తంలో తనకొక్కదానికే ఉండేది కదా, ఒకటికీ ఏడుకీ తేడా తెలియక ఎవరూ తికమక పడకూడదని చేసుకున్న అలవాటు, మరి ఎదురుగా గోడకి కట్టిన ఆ తెర మీద మనిషి తలంత ఏడు, దాని నడుమ అడ్డగీత, పటం నంబరు పదిహేడు, అది తన చేతిరాతేనని ఆమెకి తట్టడానికి రెండు క్షణాలు పట్టింది, తట్టాక కళ్లజోడు తీసి రుమాలుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది, తుడిచినా ఏడు ఏడులాగే ఉంది, ముప్పై నాలుగేళ్ల తర్వాత కూడా సిరా ఎక్కడా పాకలేదు, అప్పట్లో ఊపిరి బిగబట్టి రాసేది, ఒక్కో అంకె పూర్తయ్యాకే గాలి వదిలేది, పటాలు గీసే గదిలో పదకొండు మంది ఉండేవాళ్లు, అందరూ ఆమెని గీతల మేడం అనేవాళ్లు, ఆ పేరు విని ఎన్నాళ్లయింది, ఏమిటక్కా అలా అయిపోయావ్, మంచినీళ్లు తాగుతావా అని పక్క కుర్చీలోంచి తమ్ముడు వంగి అడుగుతున్నాడు, ఏం లేదురా, ఉక్కగా ఉంది అంది, ఉక్కగానే ఉంది మరి, నాలుగు వందల మంది పట్టే హాల్లో ఆరు వందల మంది, ఆరు ఫాన్లలో రెండు తిరగడం లేదు, మైకు ఉండుండి కీచుమంటోంది, కొండ వెనక ప్రభుత్వ అడవిలో గని తవ్వుకుంటామని కంపెనీ అనుమతి అడిగింది, మీరేమంటారని జనాన్ని అడగడానికి పెట్టిన సభ ఇది, ఆమె అనడానికేమీ రాలేదు, లారీలు బాగుచేసే షెడ్డు పెట్టుకున్న తమ్ముడు, గని వస్తే లారీలొస్తాయి, లారీలొస్తే నాకు పనొస్తుంది, తోడు రా అక్కా అంటే వచ్చింది, అంతే.

తెర పక్కన నిలబడ్డ కంపెనీ ఇంజినీరు మర్యాదస్తుడు, గొంతు పెంచడు, ఇది మేం గీసింది కాదండీ, అప్పటి ప్రభుత్వ సర్వే ఆఫీసు గీసింది, చూడండి, కొండకి ఇవతలంతా పచ్చ రంగు, అవతల ఈ భాగం తెలుపు, తెలుపంటే చెట్లు లేని రాతినేల, కింద వివరాల పట్టీలో రాసే ఉంది, అంటే అప్పటికే అక్కడ అడవి లేదు, ఇప్పుడు కనిపించేవి తర్వాత మొలిచిన తుప్పలు, దీన్ని కొలిచిన సర్వేయరు గారు ఎంత జాగ్రత్తపరుడో పాత దస్త్రాలు తిరగేస్తే తెలుస్తుంది, ఆయన కొలతలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు అంటున్నాడు, తమ్ముడు మోచేత్తో పొడిచాడు, అక్కా, బావ గురించే, విన్నావా, మన బావ గురించే అని, వాడి కళ్లలో తడి, బావంటే వాడికి ప్రాణం, ఆయన పోయి తొమ్మిదేళ్లయినా షెడ్డు గోడ మీంచి ఆయన ఫొటో తీసెయ్యలేదు, నిజమే, అనుకుంది ఆమె, ఆయన జాగ్రత్తపరుడే, తలుపు గడియ వేసి రెండడుగులు వేసి వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసే మనిషి, పెన్సిలు చెక్కిన పొట్టు కూడా కాగితంలో మడిచి పారేసే మనిషి, అలాంటి మనిషి కొలవకుండా వదిలేసిన చోటు లోకం మొత్తం మీద అదొక్కటే, ఆ తెల్లచోటు రాతినేల కాదు, రాతినేల కానే కాదు, అది ఆమెకి తెలుసు, ఎందుకంటే ఆమె అక్కడ కూర్చుంది.

పటాలు గీసేవాళ్లు ఎప్పుడూ అడవికి వెళ్లరు, బయటివాళ్లు కొలిచి తెచ్చిన అంకెల్ని గదిలో కూర్చుని కొండలుగా వాగులుగా మార్చడమే వాళ్ల పని, పెళ్లయిన ఎనిమిదో నెలలో, నువ్వు గీసే కొండ ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడవా ఏమోయ్ అని ఆయనే అడిగాడు, సెలవు పెట్టి వెళ్లింది, మూడు రోజులు, కాన్వాసు బూట్లు కొత్తవి, మొదటి రోజే మడమ ఒరుసుకుపోయింది, ఆయన తన మేజోళ్లు కూడా ఇచ్చి రెండేసి జతలు వేసుకోమన్నాడు, మూడోరోజు పొద్దున్న అడవి వాచరు దారి చూపించి వాగు దగ్గర ఆగిపోయాడు, ఇక ఇక్కణ్ణుంచి తిన్నగా ఎక్కడమేనండి, సాయంత్రం వస్తానని, తామిద్దరూ మూడుకాళ్ల కొలత పరికరం మోసుకుంటూ కొండ దాటి అవతలికి దిగారు, దిగుతుంటే వెలుతురు తగ్గిపోతోంది, మబ్బేమో అనుకుని తలెత్తితే మబ్బు కాదు, ఆకులు, ఎంత ఎత్తులో ఉన్నాయో, మాను చుట్టూ నడిచి రావడానికి ఇరవై ఏడు అడుగులు పట్టింది, లెక్కపెట్టింది ఆమె, పడిపోయిన మానుల మీద చెయ్యి పెడితే మెత్తగా లోపలికి దిగిపోయే నాచు, ఎక్కడో నీళ్లు, కనపడవు, రాళ్ల కిందినుంచి చప్పుడు మాత్రం, ఆయన పరికరం నిలబెట్టి కాళ్లు సరిచూస్తుంటే, ఏవండీ, అయిదు నిమిషాలు కూర్చుందామా అంది, ఆ అయిదు నిమిషాల్లో ఆయన కమలాపండు ఒలిచాడు, తొక్క మొత్తం తెగకుండా ఒకే చుట్టగా, తన చిన్నతనం గురించి చెప్పాడు, తండ్రికి నత్తి అని, ఎవరూ నవ్వకూడదని ఆయన మాట పూర్తయ్యేదాకా పిల్లలమందరం నేల చూపులు చూసేవాళ్లమని, ఇంకెవరికీ చెప్పని మాట, ఆమె తన సంగతులు చెప్పింది, గంటలు ఎలా పోయాయో, లేద్దామా అని ఆయన రెండుసార్లు అన్నాడు, రెండుసార్లూ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని ఉండండి అంది, తర్వాత వాన, ఆ ఆకుల మీద మొదలై కింద పడడానికి చాలాసేపు పట్టిన వాన, కొలవలేదు, తడిసిపోయి నవ్వుకుంటూ దిగారు, తర్వాత ఇరవై అయిదేళ్లు ఒకే కప్పు కింద బతికారు, మంచి బతుకే, పోట్లాటలూ ఉన్నాయి, అయినా ఎవరైనా ఆమెని నిద్రలో లేపి నీ జీవితంలో మంచిరోజు ఏదమ్మా అంటే అదే చెబుతుంది, ఆలోచించక్కర్లేదు.

నాలుగు వరసల ముందు ఎవరో లేచారు, పొడుగ్గా, వీపు కాస్త వంగి, మైకు పట్టుకోవడం రాక గడ్డానికి ఆనించుకున్నాడు, అయ్యా, నేను ఆ అడవిలో ముప్పై ఎనిమిదేళ్లు వాచరుగా చేశాను, ఆ గొంతు, అదే గొంతు, ఇక్కణ్ణుంచి తిన్నగా ఎక్కడమేనండి అన్న గొంతు, కొండ వెనక రాతినేల కాదయ్యా, మా తాత కాలంనాటి మానులు, నలుగురం చేతులు కలిపినా చుట్టుకి అందవు, అక్కడి ఊటనీళ్లే కింద మూడు చెరువుల్లోకి వస్తాయి, ఆ నేల తవ్వితే అన్నాడు, ఇంజినీరు ఓపిగ్గా విని, పెద్దాయనా, మీ మాట కాదనను, కానీ జ్ఞాపకం జ్ఞాపకమే, పటం పటమే, ఏళ్లు గడిచాక చిన్న చెట్టు కూడా పెద్దదిగా కనిపిస్తుంది, మా తాత ఒకప్పుడు పట్టానని చెప్పే చేప ఏటేటా మూర పెరిగేది అన్నాడు, హాలు ఘొల్లుమంది, తమ్ముడూ నవ్వాడు, వాచరు కూడా మర్యాదకి కాస్త నవ్వి మైకు ఎవరికివ్వాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు, ఆ నిలబడడం, అది చూడలేక ఆమె లేచింది, ఎక్కడికక్కా, బాత్రూమ్ అటు అని తమ్ముడంటుంటే వినిపించుకోకుండా కుర్చీల మధ్యనుంచి, మోకాళ్లు తగులుతున్నాయి, క్షమించండి, కాస్త జరగండి బాబూ, వెళ్లి వాచరు చేతిలోంచి మైకు తీసుకుంది, అతను ఆమెని గుర్తుపట్టలేదు.

వేదిక మీద సభ నడిపే అధికారి జుట్టు నెరిసిన ఆవిడ, మీ పేరు జాబితాలో ఉందాండీ అంది, లేదండీ, కానీ ఆ పటం నేను గీశాను అంది ఆమె, కావాలంటే ఆ ఏడు చూడండి, ఇప్పుడే ఏడు రాసిమ్మన్నా అలాగే రాస్తాను, దాన్ని కొలిచింది మా ఆయన, తిరగని ఫాన్ల కింద కూర్చున్నవాళ్లు కూడా విసురుకోవడం మానేశారు, ఆ తెల్లగా ఉన్నది ఖాళీ కాదండీ, మేం కొలవలేదు, అంతే, అధికారి కలం పక్కన పెట్టింది, కొలవలేదంటే, దారి లేకనా, పరికరం పాడయిందా, ఏమీ పాడవలేదండీ, కూర్చున్నాం, కూర్చున్నారా, అవునండీ, పొద్దున్నుంచి వానొచ్చేదాకా, అంత బాగుంది అక్కడ, లేవబుద్ధి కాలేదు, వెనకనుంచి ఎవరో ఈల వేశారు, నవ్వులు, ఆమెకి చెంపలు కాలాయి, ఈ వయసులో ఇంతమంది ముందు, అయినా ఇప్పుడు ఆగితే ఇక చెప్పడం తన వల్ల కాదు, ఇరవై ఏడు అడుగులండీ ఒక్క మాను చుట్టూ, నేనే లెక్కపెట్టాను, ఈ పెద్దాయన చెప్పింది నిజం, ఆ రోజు మాకు దారి చూపించింది ఆయనే, వాచరు తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు, అప్పుడు గుర్తుపట్టాడు, అతని నోరు కొంచెం తెరుచుకుంది.

ఇంజినీరు అడ్డం రాలేదు, నెమ్మదిగానే అడిగాడు, అమ్మా, కొలవని చోటు ఉంటే పటం మీద తెగిన గీతలు వేసి కొలవలేదని రాయడం అప్పటి పద్ధతే కదా, మరి ఇందులో ఆ గీతలు లేవు, మీవారు అంత జాగ్రత్తపరుడు, ఎందుకు వదిలేశారు, ఆయన మర్నాడే వెళ్లి కొలవాలనుకున్నారు బాబూ, ఈలోగా బదిలీ ఉత్తర్వు వచ్చింది, ఆయన మర్చిపోయి, అని మొదలుపెట్టింది, ఇన్నేళ్లూ తనకి తాను చెప్పుకున్న మాటే అది, ఆయన మరుపు, ఆయన ఒక్కగానొక్క మరుపు, దాన్ని ఎంత ముద్దుగా దాచుకుందో, కానీ మైకులో తన గొంతు తనకే తిరిగి వినపడుతుంటే ఆ మాట ఎందుకో బోలుగా మోగింది, ఆయన, మర్చిపోయి, కాదు, బదిలీ మీద ఆయన ముందుగా వెళ్లే రోజు, పెట్టె సర్ది బస్సుకి టైమవుతున్నా పటాల గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, ఏమోయ్, కొండ వెనక భాగానికి తెగిన గీతలు వేశావా, కొలవలేదని రాశావా, రాయకపోతే రేపెవడో దాన్ని ఉత్త నేల అనుకుంటాడు, అన్నాడు, అన్నాడు కదూ, గుమ్మం చట్రం మీద చెయ్యి వేసి మరీ అన్నాడు, తాను కాగితం మీంచి తలెత్తకుండా, వేశానండీ అంది, వెయ్యలేదు, భోజనాలయ్యాక వేద్దామనుకుంది, వేద్దామని కలం సిరాలో ముంచింది కూడా, ఆ చోటు మీద అడ్డంగా గీతలు గియ్యడానికి చెయ్యి రాలేదు, ఆ నాచు మీద, ఆ వాన మీద, కాసేపాగి వేద్దామని కలం తుడిచి పక్కన పెట్టింది, సాయంత్రం పై అధికారి వచ్చి అచ్చుకి పంపాలని కాగితం పట్టుకుపోయాడు, ఒక్క నిమిషం ఆగండి సార్ అంటే ఆగేవాడే, అనలేదు, అచ్చయిన పటం ఆయనకి ఎప్పుడూ చూపించలేదు, ఆయన అడగలేదు, భార్య వేశానంటే వేసినట్టే కదా ఆయనకి.

అమ్మా, అని అధికారి పిలుస్తోంది, ఆమె మైకు రెండు చేతులతో పట్టుకుంది, కాదండీ, ఆయన మర్చిపోలేదు, రాయమని నాకు చెప్పారు, నేను రాయలేదు, రాశానని అబద్ధం చెప్పాను, ఆ తప్పు నాది, అలాగే రాసుకోండి అంది, ఎవరూ నవ్వలేదు, అధికారి రాసుకుంది, రాసింది పైకి చదివి వినిపించి సంతకం పెట్టించుకుంది, ఈ పటాన్ని సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోవడం లేదు, మనుషులు వెళ్లి ఆ భాగం మొత్తం కొత్తగా కొలిచేదాకా ఈ దరఖాస్తు కదలదు అంది, గని రాదని అనలేదు, వస్తుందనీ అనలేదు, కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు విసురుగా కుర్చీలు జరుపుకుని వెళ్లిపోయారు.

బయట మెట్ల మీద తమ్ముడు తాళాలు చేతిలో తిప్పుకుంటూ నిలబడి ఉన్నాడు, చాలాసేపు ఆమె వైపు చూడలేదు, ఇవాళే గుర్తు రావాలా అక్కా నీకు, షెడ్డు ఇంకెన్నాళ్లు ఖాళీగా పెట్టుకుని కూర్చోమంటావ్ అన్నాడు, తిట్టు, తిట్టరా, తిట్టినా తప్పులేదు అనుకుంది ఆమె, వాడు తిట్టలేదు, కాసేపటికి గొంతు తగ్గించి, అయితే బావ తప్పేం లేదన్నమాట అన్నాడు, లేదురా, మీ బావ చెయ్యాల్సింది చేశాడు అంది, వాడు తలూపి వ్యాను తెస్తానని వెళ్లాడు, ఎండ ఏటవాలుగా పడుతున్న ఆ మెట్ల మీద ఆమె ఒక్కతే కూర్చుంది, ఆయన ఉంటే బాగుండునని తొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు అనుకుందో, కానీ ఇవాళ అనుకున్నది వేరు, తోడుకోసం కాదు, ఒక్క మాట చెప్పడానికి, వెయ్యలేదండీ అని, ఆ రోజు ఇద్దరిదీ, ఆ వాన ఇద్దరిదీ, ఆ తెలుపు మాత్రం తన ఒక్కదానిదే, ముప్పై నాలుగేళ్లు దాన్ని కూడా ఇద్దరిదిగా లెక్కేసుకుని ఆయన్ని తోడు తెచ్చుకుంది, ఆయనకి ఆ చోటు మీద ప్రేమ తక్కువై కాదు గీతలు వేయమన్నది, అక్కడొక అడవి ఉందని తాము పోయాక కూడా ఎవరికైనా తెలియాలని.