చిట్టిబాబు రక్తం బ్రహ్మాండంగా ఉందట

చిట్టిబాబు రక్తం బ్రహ్మాండంగా ఉందని రిపోర్టు వచ్చినప్పటి నుంచి అతని భార్య మాణిక్యాంబకు రోటి ముందు నుంచి లేచే తీరిక లేకుండా పోయింది.

రోలంటే అదేమీ అరచేతిలో పట్టే బొమ్మ కాదు. పెళ్లయిన కొత్తలో రామచంద్రపురం నుంచి రైల్లో సీటు కింద పెట్టుకుని తెచ్చుకున్నది. నోయిడాలో, హరోలా సందుల్లోని మూడో అంతస్తు గదికి దాన్ని చిట్టిబాబే భుజాన మోసుకొచ్చాడు, మధ్యలో ఎక్కడా దించకుండా. ఆ మనిషే ఇప్పుడు చిన్న గోధుమపిండి సంచీ పట్టుకుని మెట్ల మధ్యలో కూలబడి, చెప్పు తెగిందని వంక పెడుతున్నాడు. తెగని చెప్పుని ఎన్నిసార్లని చూసుకుంటాడు?

ఏళ్ల తరబడి పెట్రోలు బంకులో బళ్లకు పెట్రోలు కొట్టడం అతని పని. ఇంటికొస్తే బట్టలే కాదు, తలగడ కూడా అదే వాసన. చేతుల జిడ్డు వదలడానికి సబ్బెందుకు దండగని పెట్రోలుతోనే కడుక్కుంటాడు. ఈమధ్య ఆయాసం, తలనొప్పి, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. మంచం కోడు తగిలితే చాలు, కాలి మీద నేరేడుపండు రంగు మచ్చ తేలి ఎన్నాళ్లకీ పోదు. ఆస్పత్రికి పదండి అంటే రేపంటాడు. ఆ రేపు మాత్రం వచ్చి చావదు.

అలాంటప్పుడు ఒక సోమవారం ఎవరో పుణ్యాత్ములు బంకులోనే గుడారం వేసి, పెట్రోలు కొట్టేవాళ్లందరికీ ఉచితంగా రక్తపరీక్ష చేశారు. పెట్రోలు ఆవిరి ఏళ్ల తరబడి పీలిస్తే ఎముకల్లో రక్తం తయారయ్యే చోటే దెబ్బతినవచ్చని వాళ్ల డాక్టరమ్మ చెప్పిందట. పక్కగది బిమ్లా మొగుడిదీ అదే బంకు. ఆ మాట బిమ్లా నోట విని మాణిక్యాంబ రెండు రోజులు ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుంది. తీరా చూస్తే చిట్టిబాబుకు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బంకు మొత్తంలో అంత మంచి రక్తం ఇంకెవరికీ లేదు.

"సబ్ చట్నీ కా కమాల్ హై భయ్యా," అంతా పచ్చడి మహిమేనని చిట్టిబాబు చాటింపు వేశాడు. గోంగూర, కరివేపాకు, నువ్వులు రాతి మీద నూరితే సత్తువ ఎక్కడికీ పోదట. మిక్సీలో వేస్తే వేడికి మాడిపోతుందట. ఈ శాస్త్రం ఆయనకు ఎవరు నేర్పారో ఆ దేవుడికే తెలియాలి.

ఇంకేముంది, గిన్నెలు పట్టుకుని జనం మొదలయ్యారు. అందరికంటే ముందు బిమ్లా. ఆమె మొగుడికి రక్తం బాగా తక్కువగా ఉందని, వెంటనే పెద్దాస్పత్రికి వెళ్లమని రిపోర్టు మీద రాసి ఇచ్చారు. అతను మాత్రం చట్నీ ఉండగా ఆస్పత్రి ఎందుకని మంచం దిగడం లేదు. మాణిక్యాంబ నూరుతుంటే కింద నుంచి ఇంటివాడు చప్పుడని కేకలు. పైన మెచ్చుకోళ్లు. భుజాలు పడిపోతున్నాయి. అన్నింటికీ మించి, రక్తం అంత బాగున్న మనిషి మెట్లెక్కలేకపోవడం ఏమిటో ఆమె బుర్రకు ఎక్కడం లేదు. దాంతో అందరి మీదా విసుగే.

ఆ ఆదివారం మాణిక్యాంబ తమ్ముడు సుధీర్ భోజనానికి వచ్చాడు. ముఖర్జీనగర్‌లో గది తీసుకుని కలెక్టరు పరీక్షలకు చదువుతున్నాడు. బావా బావమరుదులు ఎదురెదురుగా కూర్చున్నారు. చిట్టిబాబు చొక్కా చేతులు పైకి మడిచి, పచ్చడి ముద్ద మీద ముద్ద కలుపుతున్నాడు. నెయ్యి వెయ్యబోయిన మాణిక్యాంబ గరిటె గాలిలోనే ఆగిపోయింది.

మోచేతి కింద, పోయిన వారం బస్సులో ఎవరో గట్టిగా పట్టుకున్న చోట, వేళ్ల గుర్తులు ఇంకా నీలంగానే ఉన్నాయి.

"ఏవండీ, సూది ఏ చేతికి గుచ్చారు?"

"ఎడం చేతికే. ఎందుకే?"

"చాపండి. ఆ రెండోది కూడా."

రెండు మోచేతుల మడతలూ శుభ్రంగా ఉన్నాయి. సూదిమొన పడిన జాడ కూడా లేదు.

"తువ్వాలుతో తుడిస్తే కందిపోయే ఒళ్లు మీది. సూది దిగితే మచ్చ కూడా పడలేదేంటండీ?"

చిట్టిబాబు గోంగూర వంక చూశాడు. సుధీర్ నమలడం మానేశాడు. మాణిక్యాంబ చూపు మెల్లగా తమ్ముడి మీదికి తిరిగింది.

"నీ చెయ్యి చూపించరా."

చూపించాడు. మోచేతి మడతలో చిన్న పసుపుపచ్చ మచ్చ, దాని నడిమిన చుక్క.

"బావ బతిమాలాడక్కా. తేడా వచ్చినవాళ్లని పన్లోంచి తీసేస్తారంట. మిగతావాళ్లు బళ్ల దగ్గర ఉన్నప్పుడు చూసి, బావ టోపీ పెట్టుకుని, బావ పేరు చెప్పి కూర్చున్నాను."

"కలెక్టరువై ఊరిని ఉద్ధరిస్తావనుకున్నాను. ముందు మా కొంపకే ఎసరు పెట్టావు. నోరు మూసుకుని తిను."

సరిగ్గా అప్పుడే బిమ్లా గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. మాణిక్యాంబకు ఒళ్లు మండిపోయింది. ఇక పచ్చడి లేదు, గిచ్చడి లేదు, మీ ఆయన్ని రేపు మాతో ఆస్పత్రికి పంపమని తనకు వచ్చిన హిందీలో చెప్పింది. బిమ్లా నొచ్చుకుంది. భయ్యాకు బాగైంది కదా, మాకు పెట్టడానికే చేతులు రాలేదా అన్నట్టు చూసింది.

మాణిక్యాంబ గరిటె కింద పెట్టింది. మొగుడి వంక చూసింది. ఈ ఒక్కటీ ఆయనే చెప్పాలి.

చిట్టిబాబు కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

"వో ఖూన్ మేరా నహీ థా, భాభీ," అని, ఆ రక్తం తనది కాదని ఒప్పుకున్నాడు.

బిమ్లా ఖాళీ గిన్నెతో వెళ్లిపోయింది. రేపు తెల్లారేసరికి ఆ మాట బంకుకు చేరుతుందని, యజమాని చెవిన పడుతుందని గదిలో ముగ్గురికీ తెలుసు.

సుధీర్ వెళ్లాక మాణిక్యాంబ కంచాలు తీస్తూ అడిగింది. "అబద్ధమాడారు, సరే. అంత పచ్చడి పూటపూటా ఎందుకు మింగారు? ఆ రిపోర్టు మీది కాదని మీకు తెలుసుగా."

"మళ్లీ మూడు నెలలకి పరీక్షకి వస్తామన్నారే," అన్నాడు చిట్టిబాబు గోడ వైపు తిరిగి. "నువ్వు అంత కష్టపడి నూరుతున్నావు కదా, ఈలోగా నిజంగానే బాగవుద్దేమో అనుకున్నాను. నాకు భయంగా ఉంది, మాణిక్యం."

తిడదామని నోరు తెరిచింది. తిట్టు రాలేదు, ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు మీద కూడా ఆమెకు కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే పెద్దాస్పత్రిలో వరసలో నిలబడ్డారు. వాళ్ల వెనక, ఎడంగా, బిమ్లా, ఆమె మొగుడు. ఈసారి సూది చిట్టిబాబు చేతికే దిగింది. నర్సు దూది పెట్టి, కాసేపు అదిమి పట్టుకోమని చెప్పి తర్వాతి మనిషిని పిలిచింది. బెంచీ మీద కూర్చుని మాణిక్యాంబ ఆ దూదిని బొటనవేలితో నొక్కి పట్టుకుంది. తెల్ల దూది ఎర్రబడింది. ఇంకో ముక్క అడిగి తెచ్చి పెట్టింది. అదీ తడిసింది. వాళ్ల తర్వాత సూది వేయించుకున్నవాళ్లు చొక్కా చేతులు దించుకుని ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

"ఆగిపోయింది, ఇక వదిలెయ్," అన్నాడు చిట్టిబాబు.

"ఆగిందో లేదో నేను చెబుతాను. మీరు మాట్లాడకండి," అని ఆమె ఇంకాస్త గట్టిగా అదిమింది.