గోడలో కన్నం

పది రోజులుగా ఆ ఇంట్లో బట్టలారబెట్టే మిషన్ మొండికేసింది. రెండుసార్లు తిప్పినా పాప బట్టలు తడితడిగానే బయటికొస్తున్నాయి. పైన చెయ్యి పెడితే మాత్రం చుర్రుమంటోంది. కోడలి ఆర్నెల్ల సెలవు ఈరోజుతో సరి. రేపటినుంచి పాప పగలంతా తాతయ్య దగ్గరే ఉండాలి. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన ఆ పెద్దాయన, ఇన్నాళ్ళకు అసలు ఉద్యోగం దొరికిందని తెగ మురిసిపోతున్నాడు.

మెకానిక్ వచ్చి, బట్టల నూగు పట్టే జాలీ తీసి చూశాడు. శుభ్రంగానే ఉంది. డ్రమ్ము తిప్పాడు. బెల్టుకూ ఏ రోగమూ లేదు.

"వేడి పుడుతోంది కానీ తడిగాలి బయటికి పోవట్లేదమ్మా," అంటూ మిషన్ ముందుకు లాగాడు. వెనక గాలి బయటికి పోయే గొట్టం ఊడదీసి, గోడ కన్నంలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చాడు.

పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

మెకానిక్ చేతికి ఓ పాత దుప్పటి ముక్క వచ్చింది. దానినిండా బూడిదరంగు నూగు. "ఇదీ సంగతి! లోపల హీటర్ దగ్గర పేరుకున్న నూగు చూడండి, మాడిపోయింది. ఇంకో నాలుగు రోజులైతే అంటుకునేది."

కోడలు పక్కగదిలో ఉయ్యాలవైపు చూసింది.

"ముందు అద్దెకున్న మహానుభావుల పనే అయ్యుంటుంది," అంది.

"అవునవును, ఎప్పుడో కుక్కింది ఇప్పుడు జారి అడ్డుపడిందేమో," అన్నాడు మెకానిక్.

పెద్దాయన నోరు మూసుకుంటే చాలు, రేపు పాప తన ఒళ్ళో ఉంటుంది. విప్పితే ఉండకపోవచ్చు. సైలెన్సర్‌లో గుడ్డ కుక్కితే బస్సు ఏమవుతుందో తెలిసి కూడా ఇంత తెలివితక్కువ పని చేశాడు. రేపు ఒంటరిగా ఉన్నప్పుడు ఇలాంటి తెలివే ఇంకోటి పుడితే ఆపేదెవరు? ఆయనకు తనమీద తనకే భయం వేసింది.

"నేనేనమ్మా," అన్నాడు. "బాల్కనీ వైపునుంచి కుక్కాను. ఆ కన్నంలోంచి చల్లగాలి కొట్టి పాప దగ్గుతోందనుకున్నా."

మెకానిక్‌కి ఉన్నట్టుండి స్క్రూలు వెతుక్కునే పని పడింది. కోడలు పాపను ఎత్తుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. సాయంత్రమంతా ఆయనతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. చేరకముందే ఉద్యోగం ఊడిందనుకున్నాడు పెద్దాయన. అన్నం సహించలేదు.

పొద్దున ఆమె భుజాన బ్యాగుతో, చంకలో పాపతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏది మూయాలన్నా, ఏది తెరవాలన్నా ముందు నాకు ఫోన్ చెయ్యండి మామయ్యగారూ. మీటింగులో ఉన్నా ఎత్తుతాను."

కోపం ఇంకా తగ్గలేదని గొంతులో తెలుస్తూనే ఉంది. ఆ కోపంతోనే పాపను ఆయనకు అందించింది. ఆయన రెండు చేతులా అందుకున్నాడు.