ద్రౌపదికి పెట్టిన సవరం

నేను ఒక సవరాన్ని. పలచబడ్డ జుట్టులో కలిపి జడ అల్లుకునే అరువు జుట్టును. నా ఉద్యోగమల్లా కనబడకుండా ఉండటమే. ఎవరైనా నన్ను గుర్తుపట్టారంటే, ఆ రోజు నా మూలాన ఒక మనిషి తల దించుకున్నట్టే.

ఎందరి దువ్వెనల్లో రాలానో నాకే తెలియదు. చీరాలలో ఒక ముసలమ్మ ఆ చిక్కులన్నీ విప్పి, కుంకుడు రసంతో కడిగి, దారంతో బిగించి నన్ను తయారుచేసింది. మొదట కొనుక్కున్న పెళ్ళికూతురు ఒక్కపూట వాడుకుంది. ఆ పూట ఆమె జడను మెచ్చుకోనివాళ్ళు లేరు. తెల్లారేసరికి నన్ను చూస్తేనే ఆమెకు నామోషీ. పెళ్ళి జాకెట్లు కుట్టిన చెల్లాయమ్మకు ఇచ్చేసింది.

చెల్లాయమ్మకు టైఫాయిడ్‌తో ఊడిన జుట్టు మళ్ళీ రాలేదు. పొద్దున్నే తలుపు గడియపెట్టుకుని నన్ను ముడివేసుకునేది. కుట్టుమిషను ముందు కూర్చున్నంతసేపూ వీపు మీద నల్లగా, ఒత్తుగా ఉండేదాన్ని.

పై వాటాలో అద్దెకు దిగిన నిరుపమ ఫొటోలు తీసేది. గోడకు ముదురు గోధుమరంగు దుప్పటి కట్టి, కిటికీ వెలుగు ఒక్క పక్కనుంచే పడనిచ్చి, మామూలు మనుషులను దమయంతిగా, శబరిగా కూర్చోబెట్టేది. ఆ ఫొటోలు పాతకాలపు రంగుల చిత్రాల్లా ఉండేవి. నిండుసభలో అవమానపడిన ద్రౌపదిగా చెల్లాయమ్మను కూర్చోమని అడిగింది. జడ చూసే అడుగుతున్నానంది. ఆ మాటకు చెల్లాయమ్మ మురిసిపోయింది. నేను సిగ్గుపడ్డాను.

జడ వేసుకునే కూర్చుంటానని చెల్లాయమ్మ ఎంత చెప్పినా నిరుపమ వినలేదు. ద్రౌపది జుట్టు విరబోసుకుని ఉండాలంటూ తానే వచ్చి జడ విప్పబోయింది. నేను ఊడి ఆ అమ్మాయి చేతిలోకి వచ్చేశాను.

చెల్లాయమ్మ గబుక్కున కొంగు తలమీదికి లాక్కుంది. నిరుపమ ముఖం ఎర్రబడింది. తర్వాత తనే, ఉన్న జుట్టుతోనే ఫొటో తీసి మిగతాది కంప్యూటర్లో పెంచుతానని, ఎవరికీ తెలియదని బతిమాలింది. నన్ను స్టూలు మీద పెట్టింది. చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు పట్టుకోవడం చెల్లాయమ్మ చూడనే చూసింది. ఆ చూపుతోనే ఫొటోకు కూర్చుంది.

లైబ్రరీ హాల్లో నిరుపమ ఫొటోల ప్రదర్శన పెట్టారు. నన్ను పెట్టుకునే చెల్లాయమ్మ వెళ్ళింది. ద్రౌపది బొమ్మలో జుట్టు అలలు అలలుగా నేలదాకా జారింది. వచ్చినవాళ్ళంతా జుట్టునే పొగిడారు. ఏ నూనె రాస్తావని ఒకావిడ అడిగింది కూడా. ఆ కళ్ళలో ఏముందో ఒక్కరూ చూడలేదు. చెల్లాయమ్మ ఇంటికొచ్చి అన్నం తినలేదు.

మర్నాడు నిరుపమ వచ్చి గుమ్మంలో నిలబడగానే చెల్లాయమ్మ అడిగేసింది.

"అమ్మాయ్, ఆ దుర్మార్గుడు జుట్టు పట్టుకుని సభదాకా ఈడ్చుకెళ్ళాడు గదా. కొంతన్నా ఊడకుండా ఉంటదా? నీ బొమ్మలో ఒక్క వెంట్రుకన్నా ఊడలా."

నిరుపమ తలెత్తలేకపోయింది. "మీ పరువు పోతుందని అలా చేశాను పిన్నీ."

"నా పరువా, నీ బొమ్మ అందమా?"

"బొమ్మ అందమే," అంది నిరుపమ మెల్లగా. "ఉన్నది ఉన్నట్టు పెడితే ఊళ్ళో అందరికీ తెలుస్తుంది మరి."

"తెలిస్తే తెలిసింది. పెట్టు."

సాయంత్రానికి బొమ్మ మారింది. అక్కడక్కడా పలచగా మిగిలిన జుట్టు, మధ్యలో తెల్లగా నెత్తి, దాని కింద ఆ కళ్ళు. హాల్లోకి వచ్చినవాళ్ళు దాని ముందు మాటలు ఆపేశారు. కాలేజీ పిల్ల ఒకతి బొమ్మను చూసి, నన్ను పెట్టుకుని వచ్చిన చెల్లాయమ్మను చూసి, "ఇది మీరేనా అండీ?" అనడిగింది.

"నేనేనమ్మా," అంది చెల్లాయమ్మ. కానీ చెయ్యి మాత్రం దానంతటదే మెడ వెనక్కి పోయి, నేను బిగువుగా ఉన్నానో లేదో తడిమి చూసుకుంది.

బిగువుగానే ఉన్నాను. ఆ ఒక్క క్షణం ఊడిపోతే బాగుండుననిపించింది.