బొమ్మ వస్తోంది, సౌండు రావట్లేదు

కాలేజీలో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెట్లెక్కుతూ దిగుతూ, "ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి" అని చెబుతూ ఉంటాను. ఆ మాట ఎంత అరిగిపోయిందంటే, ఇంట్లో కుళాయి కారుతున్నా నోటికి అదే వస్తుంది. అలాంటి మనిషి ఇంటికొచ్చి మళ్లీ ఒక కంప్యూటరు ముందు కూలబడిందంటే ఎవరైనా నవ్వుతారు. మా ఆయన నవ్వాడు కూడా. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనన్నాడు. కాదనలేకపోయాను. నాకు ఓపిక ఉండి మొదలుపెట్టిన పని కాదది.

మా అమ్మ బస్టాండులో అనౌన్సరుగా పనిచేసింది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో మైకులో చెప్పే గొంతు ఆమెది. ఊళ్లో ఆమె మొహం తెలియని వాళ్లకి కూడా ఆ గొంతు తెలుసు. కూరల కొట్టు ముందు నిలబడి "కిలో ఎంత?" అని అడిగితే చాలు, పక్కనున్న వాళ్లు తల తిప్పి చూసేవాళ్లు. వీధిలో ఆమెకి మైకమ్మ అని పేరు పడిపోయింది. ఇంట్లోనూ అదే ధోరణి. "ప్రయాణికులకు విజ్ఞప్తి. స్నానాల గదిలోంచి రావలసిన చిన్నబ్బాయిగారు ఆలస్యముగా నడుచుచున్నారు" అని హాల్లోంచి కేక పెడితే, మా తమ్ముడు సబ్బు నురగతోనే బయటికొచ్చేవాడు.

తర్వాత గొంతులో జబ్బు వచ్చింది. డాక్టర్లు మనిషిని దక్కించారు, గొంతు తీసేశారు. మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ, అంతే మిగిలింది. మెడకి ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. ఒకే ఒక్కసారి దాన్ని పెట్టుకుని నన్ను పేరుపెట్టి పిలిచింది. ఆ రేకు డబ్బా మోత తన చెవిన పడగానే తీసి బీరువాలో పడేసింది. ఆ తర్వాత అమ్మ మాటలన్నీ పెదాలతోనే. మనం చూస్తున్నామో లేదో అని ముందు ఒక చిటిక వేస్తుంది, తర్వాత పెదాలు కదుపుతుంది.

నా కూతురు ఆ ఆపరేషన్ అయ్యి, అమ్మ మా దగ్గరికి వచ్చేశాక పుట్టింది. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ అమ్మ పెదాలు చూస్తూ పెరిగింది. నాకు, మా ఆయనకి సగం మాటలు అందవు. దానికి అన్నీ అందుతాయి. మా ఆయన దానికి దుబాసీ అని పేరు పెట్టాడు. "అత్తయ్యగారు ఏమంటున్నారు దుబాసీగారూ?" అంటే, "చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నావంట నాన్నా" అని తడుముకోకుండా చెబుతుంది.

ఒకరోజు భోజనాల దగ్గర అది ఉన్నట్టుండి, "అమ్మమ్మలకి గొంతు ఉండదు కదా" అంది.

"ఎందుకుండదే? పక్కింటి మామ్మ మాట్లాడదూ?" అన్నాను.

"ఆవిడ అమ్మమ్మ కాదుగా. నాయనమ్మ."

అందరం నవ్వాం. అమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది, భుజాలు ఊగిపోయేలా. నాకు మాత్రం ఊరంతా తలలు తిప్పి చూసిన గొంతు సొంత మనవరాలికి తెలియకుండా పోతుందా అని ఒకటే బాధ. ఆ రాత్రే అటక మీంచి పాత వీడియో టేపులు దింపాను.

నాన్న ఉన్న రోజుల్లో ముచ్చటపడి కొన్న కెమెరా అది. కానీ నాన్న చేతికి ఎప్పుడూ దక్కలేదు. అమ్మ పట్టుకుంటే వదిలేది కాదు. అందుకని ఆ టేపుల్లో నాన్న ఉంటాడు, నేనుంటాను, తమ్ముడుంటాడు, పెరట్లో ఆరేసిన బట్టలు కూడా ఉంటాయి, అమ్మ ఒక్కతే ఉండదు. ఆమె ఉన్నదంతా సౌండులోనే. కెమెరా వెనకనుంచి అందరినీ ఏడిపిస్తూ, బస్టాండు ఫక్కీలో ప్రకటనలు చేస్తూ ఉంటుంది.

టేపుల్ని డిస్కులోకి ఎక్కించుకున్నాను. కేబులు తీయించేశాక ఊరికే పడున్న హాల్లో టీవీలో వాటిని చూపించడానికి ఒక పెట్టె కావాలి. కాలేజీలో పక్కన పడేసిన చిన్న కంప్యూటరు ఒకటి, అడిగి తెచ్చుకున్నాను. దుమ్ము దులిపి, మెమరీ పెంచి, విండోస్ బదులు లినక్స్ ఎక్కించాను. ఆన్ చేయగానే ఇంకే గోలా లేకుండా తిన్నగా బొమ్మల జాబితా తెరుచుకునేలా కుదిర్చాను. గ్రాఫిక్స్ కార్డు విడిగా పెట్టలేదు. ప్రాసెసర్‌లోనే బొమ్మ సంగతి చూసుకునే చిప్పు ఉంటుంది, దాన్నే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అంటారు. ఆటలాడేవాళ్లు దాన్ని చులకనగా చూస్తారు గానీ, సినిమా చూడటానికి అది చాలు. వేడెక్కదు, ఫ్యాను మోత ఉండదు. అమ్మ పడుకునేది హాల్లోనే కాబట్టి నాకు కావలసిందీ అదే.

చెప్పినంత తేలిగ్గా ఏదీ కాలేదు. మొదట్లో బొమ్మ మధ్యకి చీలి, పై సగం ముందూ కింది సగం వెనకా నడిచేది. దాన్ని సరిచేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తర్వాత ఆ బొమ్మల జాబితా తయారుచేసే సాఫ్ట్‌వేరు తెలివితేటలు మొదలయ్యాయి. ప్రతి వీడియో పేరూ చూసి, అదేదో సినిమా అనుకుని, ఇంటర్నెట్‌లోంచి పోస్టరు, కథ తెచ్చి తగిలిస్తుంది. తమ్ముడి నీళ్ల తొట్టి స్నానానికి సముద్రపు దొంగల బొమ్మ వచ్చింది. నాన్న గోడకి సున్నం వేస్తున్న వీడియో కింద, భార్యని చంపి పూడ్చిపెట్టిన డాక్టరు కథ రాసుంది. మా ఆయన దాన్ని పైకి చదువుతూ పొర్లి పొర్లి నవ్వాడు. నాకు నవ్వే ఓపిక లేదు. ఒక్కొక్కదానికీ కూర్చుని పేరు మార్చుకుంటూ పోయాను.

చివరికి ఒక సాయంత్రం అంతా కుదిరింది. టీవీకి తగిలించి పరీక్షించాను. సౌండు పరీక్ష కోసం అందులో రికార్డు చేసిపెట్టిన ఎవరో పరాయి దేశపావిడ ఎడమ స్పీకర్లోంచి ఎడమ అనీ, కుడి స్పీకర్లోంచి కుడి అనీ శుభ్రంగా చెప్పింది. వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మ చూస్తోంది.

"రేపు నీ టేపులే పెడతాను. పాపకి నీ గొంతు వినిపిస్తాను" అన్నాను.

అమ్మ చిటిక వేసి, "ఇప్పుడవన్నీ ఎందుకే?" అని పెదాలు కదిపింది. మొహమాటపడుతోందనుకున్నాను.

పడుకోబోయే ముందు అలవాటు కొద్దీ అప్‌డేట్ పెట్టి పడుకున్నాను. మర్నాడు సాయంత్రం అందరం సోఫాలో సర్దుకుని కూర్చున్నాం. బొమ్మ వచ్చింది. సౌండు రాలేదు.

ఇంకేముంది, అప్‌డేట్ కొంప ముంచిందని నన్ను నేనే తిట్టుకున్నాను. దాన్ని వెనక్కి తీశాను, రాలేదు. సౌండు ఏ తీగ గుండా పోవాలో చెప్పే సెట్టింగులన్నీ అటూ ఇటూ మార్చాను, రాలేదు. లినక్స్ వాడేవాళ్ల ఇంటర్నెట్ ఫోరాల్లో అడిగితే ఒకాయన ఒకటి చెప్పాడు, ఇంకొకాయన ఆ చెప్పినాయన్ని తిట్టాడు. మొత్తం చెరిపేసి మళ్లీ మొదట్నుంచి ఎక్కించాను. పెట్టెకి ఇయర్‌ఫోన్లు పెడితే వినిపిస్తుంది, టీవీకి పెడితే మూగనోము. ఆ ఇయర్‌ఫోన్లే పెట్టి పాపకి వినిపించొచ్చుగా అన్నాడు మా ఆయన. నాకు పట్టుదల వచ్చింది. అందరం కలిసి కూర్చున్నప్పుడు, హాలు నిండా, బస్టాండులో మోగినట్టు మోగాలి ఆ గొంతు. చెవిలో దోమలా కాదు.

వారాలు గడిచాయి. కాలేజీ నుంచి వస్తాను, చెప్పులు విప్పి టీవీ వెనక దూరతాను. నడుము పట్టేసింది. పాప కూడా ఎదురుచూడటం మానేసింది. బొమ్మ వస్తే చాలని అమ్మమ్మ ఒళ్లో కూర్చుని, మూగ టేపులు చూస్తూ ఉండేది. అమ్మ పెదాలతో ఏదో చెబుతుంటే కిలకిలా నవ్వేది. నేను మాత్రం నా పెట్టెని పట్టుకుని వేలాడుతున్నాను. కాలేజీలో ఎవరు పిలిచినా ముందు మీరేం నొక్కారని అడుగుతాను. అక్కడ తప్పెప్పుడూ మనుషులదే. నా ఇంట్లో మాత్రం ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు.

ఒక మధ్యాహ్నం కాలేజీలో కరెంటు పోయింది. తలనొప్పిగా ఉంటే సెలవడిగి ఇంటికి వచ్చేశాను. తాళం తిప్పి తలుపు తోశాను.

లోపల అమ్మ మాట్లాడుతోంది.

గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. అదే గొంతు, కాస్త బొంగురు, కాస్త వెటకారం. హాల్లో టీవీలో నేను మేడ మీద సైకిలు నేర్చుకుంటున్నాను. అమ్మ సోఫా అంచున కూర్చుని ఉంది, చేతిలో రిమోటు. టీవీలో గొంతు ఏమంటుంటే సోఫాలో అమ్మ పెదాలు అవే మాటలు అంటున్నాయి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. నాకు ఏడుపొచ్చింది. అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు, అంత కోపమూ ఎప్పుడూ రాలేదు.

నన్ను చూసి గబగబా రిమోటు నొక్కింది. సౌండు పోయింది. బొమ్మ నడుస్తూనే ఉంది.

చేతిలోంచి రిమోటు తీసుకుని చూశాను. టీవీ సెట్టింగుల్లో, సౌండు టీవీ స్పీకర్లోంచి రావాలా, బయట పెట్టుకున్న స్పీకర్లోంచి రావాలా అని ఒక వరుస ఉంది. మాకు బయటి స్పీకర్లు లేనే లేవు. మేం బయటికెళ్లాక అమ్మ దాన్ని ఇటు తిప్పుకుంటుంది, పాప వచ్చేలోపల అటు తిప్పేస్తుంది. మైకులతో బతికిన మనిషి, ఆమెకి ఇదో లెక్కా.

"నా నడుము విరిగింది ఇన్నాళ్లూ. వద్దని ఆ మాటేదో నాతో చెబితే పోయేదిగా?" అన్నాను.

"చెబితే మానేదానివా?" అంది పెదాలతో.

మానేదాన్ని కాదు. అందుకే వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. అమ్మ చిటిక వేసింది. నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"మీరు నాతో మాట్లాడేటప్పుడు, పోయిన గొంతు మీ మొహాల్లో కనపడుతుంది నాకు. నీకూ, అల్లుడికీ, వీధిలో వాళ్లకీ. నీ కూతురికి మాత్రం నాలో ఏదీ పోలేదు. దానికి నేనింతే. నన్ను చూసి జాలిపడని మనిషి అదొక్కతే ఉంది. అది కూడా జాలిపడితే నేను తట్టుకోలేను."

"మరి నువ్వెందుకు వింటున్నావు?"

"నాకు బెంగగా ఉంటుంది" అంది.

నేను ఆ మాటతో ఊరుకోవలసింది. కానీ ఇన్ని వారాల చాకిరీ, తలనొప్పి, ఇప్పుడే విన్న ఆ గొంతు, అన్నీ కలిసి మొండితనంగా మారాయి. దానికి తెలియాలమ్మా అన్నాను. రేపు నువ్వూ నేనూ లేకపోయినా దానికి గుర్తుండాలి అన్నాను. నీ భయం తప్పు, పిల్లలు అలా ఆలోచించరు అన్నాను. వీధిలో స్కూలు వ్యాను ఆగిన చప్పుడైంది. నేను స్పీకరు ఇటు తిప్పి, సౌండు పెంచి, రిమోటు నా ఒళ్లో పెట్టుకున్నాను. అమ్మ నా చేతి వైపు చూసింది, లాక్కోలేదు.

పాప బ్యాగు గుమ్మంలోనే పడేసి లోపలికి వచ్చి ఆగిపోయింది. "ప్రయాణికులకు ముఖ్య గమనిక. సైకిలు మీద వచ్చుచున్న పెద్దమ్మాయిగారు మరికొద్ది క్షణములలో గోడను చేరుకొనగలరు" అని హాలంతా మోగింది. టీవీలో నేను వెళ్లి గోడకి గుద్దుకున్నాను. కెమెరా వెనక నవ్వు తెరలు తెరలుగా వచ్చింది. పాప కూడా పగలబడి నవ్వింది.

"సౌండొచ్చింది. అమ్మా, ఎవరావిడ? భలే మాట్లాడుతోంది."

నా నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాట నేను చెప్పకూడదు, ఆమే చెప్పాలి అనిపించింది. పిల్ల మొహం చూశాక చెప్పకుండా ఎలా ఉంటుందిలే అని ధీమా కూడా.

"అమ్మమ్మని అడుగు" అన్నాను.

పాప వెళ్లి ఎప్పటిలాగే అమ్మ మోకాళ్ల మీద చేతులాన్చి, తలెత్తి పెదాల వైపు చూసింది. అమ్మ దాని జుట్టు చెవి వెనక్కి సర్దింది. నన్నొకసారి చూసింది. తర్వాత పెదాలు కదిపింది, తొందరపడకుండా, మైకు ముందు కూర్చున్నప్పటి మొహంతో. నేను చూడలేక తల తిప్పుకున్నాను.

పాప నా వైపు తిరిగింది. దుబాసీ పని చేసేటప్పుడు దాని గొంతు కాస్త పెద్దరికంగా ఉంటుంది.

"ఎవరో తెలీదంట అమ్మమ్మకి. గొంతు మాత్రం బాగుందంట."

టీవీలో అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. నేను రిమోటు తీసుకుని స్పీకరు అటు తిప్పేశాను. మళ్లీ పోయిందా అని పాప అడిగింది. పోయిందన్నాను. అది పెద్దగా పట్టించుకోలేదు, అమ్మమ్మ ఒళ్లోకెక్కి, తర్వాతేమైందో చెప్పమంది.

రాత్రి మా ఆయన వచ్చి సౌండు సంగతి ఏమైందని అడిగాడు. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ కదా, దాంతో బొమ్మ వరకే వస్తుందని చెప్పాను. ఈ రెండింటికీ సంబంధం లేదని తెలియని మనిషి, నిజమే కాబోలనుకున్నాడు. ఇంక దాని జోలికి పోకు, కాస్త నడుము వాల్చు అన్నాడు. సరేనన్నాను.